మెడకు సూది వేస్తే మెదడు ఎందుకు ఊరుకుంది?

టిక్కులతో ప్రాణానికి ముప్పేమీ లేదని డాక్టర్లు తల్లిదండ్రులకు ధైర్యం చెబుతుంటారు. దాదాపు ఎప్పుడూ అది నిజమే. కళ్లు టపటపా ఆర్పడం, ముక్కు ఎగబీల్చడం, భుజం ఎగరేయడం, గొంతు సవరించుకుంటున్నట్టు ‘హుం... హుం’ అనడం చూసేవాళ్లకు వింతగా ఉంటాయే గానీ ఒంటికి చేసే చెరుపు తక్కువ. మెడ సంగతి మాత్రం వేరు. కొందరిలో తల ఉన్నట్టుండి పక్కకో వెనక్కో విసురుగా తిరుగుతుంది. రోజులో లెక్కలేనన్ని సార్లు, ఏళ్ల తరబడి. 1996లో అమెరికాలోని హ్యూస్టన్‌లో బేలర్ వైద్య కళాశాలకు చెందిన యోకిమ్ క్రాస్, జోసెఫ్ యాంకోవిక్ అనే వైద్యులు ఇలాంటి మెడ టిక్కుల వల్ల ఏకంగా వెన్నుపామే దెబ్బతిన్న రోగుల వివరాలు ప్రచురించారు. ‘అదే పోతుందిలే’ అని వదిలేయదగ్గ టిక్కులు కావవి.

అప్పటికి రెండేళ్ల ముందే, 1994లో, యాంకోవిక్ టూరెట్ సిండ్రోమ్ అనే టిక్కుల జబ్బు ఉన్న పదిమందిలో కళ్లు, మెడ దగ్గరి కండరాలకు బొటులినం టాక్సిన్ సూది వేసి చూశారు. ముఖం మీది ముడతలు పోగొట్టడానికి వాడే బోటాక్స్ అంటే జనానికి తెలుస్తుంది, ఆ మందే. కండరాన్ని బలహీనపరిచే మందు వేస్తే కండరం కదలడం తగ్గుతుంది. అందులో వింతేమీ లేదు, తగ్గింది కూడా. వింతంతా రోగులు చెప్పిన రెండో మాటలో ఉంది. కదలిక తగ్గడమే కాదు, కదలాలని లోపల్నుంచి పెట్టే పోరు కూడా తగ్గిందన్నారు వాళ్లు. సూది వేసింది కండరానికి. పోరు పెట్టేది మెదడు. మధ్యలో ఈ కబురు ఎవరు మోశారు?

ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే టిక్కును కాస్త దగ్గరగా చూడాలి.

మన ఇళ్లలో దీని కథ సాధారణంగా తిట్లతో మొదలవుతుంది. “ఒరేయ్ నానీ, ఆ కళ్లు ఆర్పడం మానవా?” అని అమ్మ, “నలుగురిలో ఆ చేష్టలేమిట్రా?” అని నాన్న. టీవీ ఎక్కువగా చూస్తున్నాడని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు. ముందు కంటి డాక్టరు, తర్వాత చెవి ముక్కు గొంతు డాక్టరు, ఎలర్జీ మాత్రలు, చుక్కల మందులు. పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికో సైకియాట్రిస్టు దగ్గరికో చేరేసరికి ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. నిజానికి టిక్కులు అరుదైనవేమీ కావు. బడి ఈడు పిల్లల్లో కొన్నాళ్లు కనిపించి పోయే టిక్కులు చాలా మామూలు. ఒకటి కంటే ఎక్కువ కదలిక టిక్కులు, వాటితోపాటు కనీసం ఒక గొంతు టిక్కు, పద్దెనిమిదేళ్లలోపే మొదలై ఏడాది దాటి ఉంటే దాన్ని టూరెట్ సిండ్రోమ్ అంటారు. సర్వేలను బట్టి, నూరుమంది పిల్లల్లో ఒకరికో అంతకంటే కొంచెం తక్కువమందికో ఇది ఉంటుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఐదారేళ్ల వయసులో మొదలై, పది పన్నెండేళ్లప్పుడు ముదిరి, ఆ తర్వాత చాలామందిలో తనంతట తానే సద్దుమణుగుతుంది.

పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో పనిచేసిన జార్జ్ జిల్ ద లా టూరెట్ 1885లో తొమ్మిదిమంది రోగుల గురించి రాసిన వ్యాసం వల్ల దీనికి ఆయన పేరు స్థిరపడింది. ఈ జబ్బంటే నోటికొచ్చిన బూతులు అరవడమేనని సినిమాలు జనం బుర్రల్లోకి ఎక్కించాయి గానీ, ఆ లక్షణం నూటికి పది పదిహేనుమందిలోనే ఉంటుంది. ఈ విషయంలో 2018లో వచ్చిన రాణీ ముఖర్జీ హిందీ చిత్రం ‘హిచ్కీ’ కాస్త నయం. అందులో టీచరుకు ఉన్నవి గొంతు టిక్కులు, మెడ టిక్కులు. ఎక్కువమందిలో కనిపించేవీ ఆ తరహావే.

ఇక పోరు సంగతి. టిక్కు దానంతటది వచ్చిపడే కుదుపు కాదు. దానికి ముందు ఆ చోట ఏదో పేరుకుంటుంది. కొందరు దురద అంటారు, కొందరు బిగువు అంటారు, కొందరు ‘ఏదో సరిగ్గా లేదు’ అని మాత్రమే చెప్పగలుగుతారు. సినిమా హాల్లో దగ్గు వస్తే ఎలా ఉంటుందో తెలుసుగా: పక్కవాళ్ల మొహం చూసి ఒక నిమిషం ఆపుకోగలం, ఆపుకున్నకొద్దీ గొంతులో గరగర ఎక్కువవుతుంది, దగ్గేస్తే ప్రాణం హాయిగా ఉంటుంది, కాసేపటికి మళ్లీ మొదలు. టిక్కు ఉన్నవాళ్లు ఈ బతుకు పొద్దున్నుంచి రాత్రిదాకా బతుకుతారు. క్లాసులో ఆరు గంటలు బిగపట్టుకుని కూర్చున్న పిల్లాడు ఇంటికి రాగానే వరసబెట్టి తల విదిలిస్తుంటే, ‘చూశారా, బళ్లో బాగానే ఉన్నాడట, మన దగ్గరే ఈ వేషాలు’ అని పెద్దలు అపార్థం చేసుకునేది ఇక్కడే. ఆపుకోగలడు కాబట్టి కావాలనే చేస్తున్నాడనుకుంటారు. ఆపుకోవడానికి వాడు పెడుతున్న ఖర్చు ఎవరికీ కనపడదు. ఆ ఖర్చులో పాఠం వినడం కూడా పోతుంది.

జోసెఫ్ బ్లిస్ అనే అమెరికన్‌కు స్వయంగా టూరెట్ ఉండేది. దశాబ్దాల తరబడి తన టిక్కుల్ని తానే గమనించుకుని, 1980లో ఒక సైకియాట్రీ పత్రికలో ఆ అనుభవాన్ని రాశాడు. డాక్టర్లంతా కదలికల్ని లెక్కపెడుతుంటే ఆయన వేలు పెట్టి చూపించింది ఆ కదలికకు ముందు లోపల పుట్టే స్పర్శను. టిక్కు ఆ స్పర్శను వదిలించుకునే ప్రయత్నమేనని ఆయన వాదన. ఆ వ్యాసం తర్వాతే పరిశోధకులు ఈ పోరును గట్టిగా పట్టించుకోవడం మొదలుపెట్టారు. రోగి చెప్పేది వింటే శాస్త్రం ఎంత దూరం నడుస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టదు.

మరి మందులు లేవా అంటే ఉన్నాయి. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది మందే కాని వైద్యం: పోరు మొదలవగానే పసిగట్టడం, టిక్కుకు అడ్డుపడే మరో కదలికను ఆ సమయంలో అలవాటు చేసుకోవడం. మెడ పక్కకు తిరగబోతుంటే గడ్డం కొంచెం దించి మెడ కండరాల్ని నెమ్మదిగా బిగించి ఉంచడం లాంటివి. 1970ల్లో పుట్టిన ఈ పద్ధతిని మెరుగుపరిచి 126 మంది పిల్లల మీద చేసిన పరీక్ష 2010లో మంచి ఫలితాలు చూపింది. ఇప్పుడు చాలా దేశాల్లో డాక్టర్లు మొదట సూచించేది ఇదే. చిక్కల్లా నేర్పేవాళ్లు దొరకడం; మన దగ్గర శిక్షణ పొందిన సైకాలజిస్టులు పెద్ద ఊళ్లలోనే తక్కువ, చిన్న ఊళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మాత్రల్లో క్లోనిడిన్ లాంటివి కాస్త మెత్తనివి. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటివి బలమైనవి. ఇవి మెదడులో డోపమిన్ పనితీరును మారుస్తాయి. టిక్కులు తగ్గుతాయి, దాంతోపాటు మత్తు, బరువు పెరగడం, మందకొడితనం వచ్చే అవకాశమూ ఉంది. ఒక్క కనురెప్ప కోసం మొత్తం మెదడుకు మందు పొయ్యాలా అన్న సందేహం ఎవరికైనా వస్తుంది. బొటులినం సూదికి చోటు దొరికింది ఆ సందేహంలోనే.

ఈ మందు అసలు ఒక విషం; దాని కథ జర్మనీలో సాసేజ్‌ల దగ్గర మొదలవుతుంది. వుర్టెంబెర్గ్ ప్రాంతంలో సరిగా ఉడకని, సరిగా నిలవచేయని సాసేజ్‌లు తిని జనం చచ్చిపోతుండేవారు. జిల్లా వైద్యాధికారిగా ఉన్న జస్టినస్ కెర్నర్ ఆ కేసులన్నీ పోగేసి 1820లో, 1822లో పుస్తకాలు రాశాడు. ఈయన డాక్టరే కాదు, జర్మన్ భాషలో పేరున్న కవి కూడా. విషాన్ని తీసి జంతువుల మీద, చివరికి కొంచెం తన మీద కూడా పరీక్షించుకున్నాడు. నాడులకూ కండరాలకూ మధ్య సంకేతాల్ని ఇది తెంచేస్తోందని గ్రహించాడు. అక్కడితో ఆగకుండా, ఇదే విషాన్ని అతి కొద్ది మోతాదులో ఇస్తే అదుపు తప్పిన కదలికల జబ్బులకు మందవుతుందేమో అని కూడా రాశాడు. అప్పటికి సూక్ష్మజీవుల వల్ల జబ్బులొస్తాయన్న సిద్ధాంతమే రాలేదు. ఇంజెక్షన్ సూదులూ లేవు.

విషాన్ని తయారుచేసే బాక్టీరియా 1895లో బెల్జియంలో చిక్కింది. ఎల్లెజెల్ అనే పల్లెలో ఒక చావుకు వచ్చిన బ్యాండు మేళంవాళ్లు పంది మాంసం తిని జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఆ మాంసంలో గాలి తగలని చోట పెరిగే బాక్టీరియాను పట్టుకున్నాడు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా సైన్యం దీన్ని ఆయుధంగా మార్చవచ్చేమోనని పరిశోధించింది, విషాన్ని శుద్ధిచేసే పద్ధతులు ఆ ప్రయోగశాలల్లోనే పదునెక్కాయి. శుద్ధి చేసిన విషాన్ని ఎడ్వర్డ్ షాంట్జ్ అనే శాస్త్రవేత్త దగ్గర అడిగి తెచ్చుకున్నాడు శాన్‌ఫ్రాన్సిస్కో కంటి వైద్యుడు ఆలన్ స్కాట్. ఆయనకు కావాల్సింది మెల్లకన్నుకు ఆపరేషన్ లేని వైద్యం. 1973లో కోతుల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించాడు, ఆ దశాబ్దం చివర్లో మనుషులకు వేయడం మొదలుపెట్టాడు. 1989 డిసెంబర్‌లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది: మెల్లకన్నుకు, కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు. అప్పుడు దాని పేరు ఆక్యులినం. కంపెనీ చేతులు మారాక బోటాక్స్ అయింది. ముడతలకు అనుమతి రావడానికి ఇంకో పన్నెండేళ్లు పైనే పట్టింది. జనం నోట్లో నానేది ఆ ముడతల వాడకమే అయినా ఈ మందు పుట్టుక మాత్రం కండరం అదుపు తప్పిన రోగుల కోసం.

ఇంతకీ లోపల ఏం చేస్తుంది? నాడి చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం నింపుకున్న సన్నటి తిత్తులు ఉంటాయి. ఆజ్ఞ రాగానే ఆ తిత్తులు నాడి పొరకు అతుక్కుని పగిలి, రసాయనాన్ని కండరం వైపు ఒలకబోస్తాయి. కండరం ముడుచుకుంటుంది. తిత్తి పొరకు అతుక్కోవడానికి కొన్ని ప్రొటీన్లు ఒకదాన్నొకటి పెనవేసుకోవాలి. వాటిలో స్నాప్-25 ఒకటి. 206 అమైనో ఆమ్లాల పొడవుండే ఈ ప్రొటీన్ కొసన తొమ్మిదింటిని బొటులినం ఎ రకం విషం తెగ్గొడుతుంది. అంతే. తిత్తులు నిండుగానే ఉంటాయి, ఆజ్ఞలూ వస్తూనే ఉంటాయి, ఒలకడం మాత్రం ఆగిపోతుంది. కండరానికి గాయం లేదు, నాడి చావలేదు. కొన్ని వారాల్లో నాడి పక్క నుంచి కొత్త మొలకలు వేసుకుంటుంది, ఆ తర్వాత పాత కొస కూడా కోలుకుంటుంది. మూడు నెలలు అటూ ఇటూగా కండరం మళ్లీ మునుపటిలా తయారవుతుంది. ఇది మందుకున్న లోపమూ, రక్షణా రెండూ. బాగా కుదిరితే మళ్లీ వేయించుకోవాలి. కుదరకపోతే పోనుపోనూ అదే తగ్గిపోతుంది.

సూది వేసే గదిలో నిలబడి చూస్తే మొదట ఆశ్చర్యపరిచేది ఆ సీసానే. ఖాళీగా ఉన్నట్టుంటుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అడుగున ఊదితే ఎగిరిపోయేంత పల్చటి తెల్లటి పొర. ఆ కనిపించేది కూడా విషం కాదు, దానికి తోడుగా కలిపిన అల్బుమిన్, ఉప్పు. నూరు యూనిట్ల బోటాక్స్ సీసాలో ఉండే విషపు ప్రొటీన్ సుమారు 5 నానోగ్రాములు, అంటే గ్రామును వంద కోట్ల వంతులు చేస్తే అందులో ఐదు. మామూలు కంటికి అది ఎలా ఆనుతుంది? సీసాలో గాలి తీసేసి ఉంటారు కాబట్టి సెలైన్ నింపిన సిరంజీ సూది గుచ్చగానే సీసా నీటిని దానంతటదే లోపలికి లాగేసుకుంటుంది. లాగకపోతే ఆ సీసా పనికిరాదు, పారేయాలి. కలిపాక గిలక్కొట్టకుండా మెల్లగా తిప్పుతారు, ఫ్రిజ్‌లో పెట్టి ఇరవై నాలుగు గంటల్లోపు వాడేయాలి. యూనిట్ అన్న కొలత కూడా బరువును బట్టి వచ్చింది కాదు. ఒక గుంపు ఎలుకల్లో సగం చనిపోయేంత మోతాదును ఒక యూనిట్‌గా నిర్ణయించారు. ఆ లెక్క కంపెనీకి కంపెనీకి పొంతన కుదరదు. బోటాక్స్ యూనిట్లు వేరు, డిస్‌పోర్ట్ యూనిట్లు వేరు. వేరే ఊళ్లో వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ‘నాకు నూటయాభై వేశారండీ’ అంటే చాలదు, ఏ బ్రాండుదో కూడా చెప్పాలి.

కనురెప్పల దగ్గర సన్నసూదితో చర్మం కిందే, అక్కడక్కడ రెండేసి మూడేసి యూనిట్ల చొప్పున వేస్తారు. రెప్ప మధ్యభాగాన్ని తప్పించి అంచుల వైపు గుచ్చుతారు, ఎందుకంటే రెప్పను ఎత్తే కండరంలోకి మందు జారితే కన్ను కొన్ని వారాలు సగం మూసుకుపోయి ఉంటుంది. మెడ దగ్గర పని ఇంకా చిక్కు. అక్కడ కండరాలు పొరలు పొరలుగా ఉంటాయి, తల తిప్పేది ఒకటి, వంచేది ఒకటి, వెనక్కి లాగేది ఒకటి. ఏది దోషో తెలుసుకోవడానికి చాలామంది డాక్టర్లు కండరపు విద్యుత్తును వినిపించే ఈఎంజీ యంత్రానికి తగిలించిన సూదిని వాడతారు. సూది కొస కండరంలోకి దిగాక రోగి తల విదిలించిన ప్రతిసారీ యంత్రంలోంచి గరగరమని చప్పుడు రావాలి. రాకపోతే చోటు మార్చాలి. టిక్కును ఆపుకోమని ఊళ్లో అందరూ చెబుతుంటే, ‘ఆపుకోకు, రానీ’ అని చెప్పేది ఈ గదిలోనే.

ఫలితాలు ఎలా ఉన్నాయి? 2000లో యాంకోవిక్ బృందం 35 మంది రోగులకు 115 సార్లు వేసిన సూదుల లెక్క ప్రచురించింది. సగటున నాలుగు రోజుల్లోపే పని మొదలై, పద్నాలుగు వారాలు నిలిచింది. సున్నా నుంచి నాలుగు దాకా కొలిచే స్కేలు మీద సగటు మేలు 2.8. పోరు ఉందని చెప్పిన 25 మందిలో 21 మంది అది బాగా తగ్గిందన్నారు. మెడ బలహీనపడటం, మింగడంలో కొంచెం ఇబ్బంది, రెప్ప వాలడం లాంటివి కొద్దిమందిలో కనిపించి పోయాయి. అయితే ఇందులో అందరికీ మందే వేశారు. ఆ సంగతి రోగికీ డాక్టరుకూ తెలుసు. సూది వేయించుకున్నానన్న నమ్మకమే కొంత మేలు చేసి ఉండవచ్చు. టిక్కులు అసలే పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, జనం బాగా ముదిరినప్పుడే డాక్టరు దగ్గరికొస్తారు, తర్వాత ఎటూ కొంత తగ్గుతుంది.

అందుకే కెనడాలోని టొరంటోలో కొన్నీ మరాస్, ఆంథొనీ లాంగ్ బృందం 2001లో ప్రచురించిన పరీక్షకు విలువ. చేరింది 20 మంది, చివరిదాకా ఉన్నది 18 మంది. ఒకసారి మందు, ఇంకోసారి ఉత్త సెలైను. ఏది ఎప్పుడో ఎవరికీ తెలియదు. వీడియో తీసి నిమిషానికెన్ని టిక్కులో లెక్కపెట్టారు. మందు వేసినప్పుడు టిక్కులు 39 శాతం తగ్గాయి, సెలైను వేసినప్పుడు దాదాపు 6 శాతం పెరిగాయి. పోరు కూడా మందుతో తగ్గింది, సెలైనుతో పెరిగింది. ఇక్కడిదాకా హ్యూస్టన్ మాటే నిజమైంది. కానీ మొత్తమ్మీద మీకెలా ఉంది అని అడిగితే, మేలు జరిగిందని రోగులు చెప్పలేదు.

ఈ ఒక్క వాక్యాన్ని చాలామంది దాటేసి పోతారు. నాకు మాత్రం మొత్తం వ్యవహారంలో కీలకం ఇక్కడే ఉందనిపిస్తుంది. టూరెట్ ఉన్న మనిషికి టిక్కు ఒక్కటే ఉండదు. కనురెప్పకు సూది వేస్తే కనురెప్ప ఊరుకుంటుంది. భుజం, ముక్కు, గొంతు తమ పని తాము చేసుకుంటూనే ఉంటాయి. ఎక్కువమందిలో టిక్కుల కంటే వాటితో కలిసొచ్చే ఏకాగ్రత లోపమో, పదేపదే అదే చేయాలనిపించే ఓసీడీ బాధో పెద్దది కూడా. పరీక్షలో ఒక టిక్కు ఎంచుకుని కొలిచారు. రోగి కొలిచింది తన రోజును. హ్యూస్టన్‌లో రోగులు సంతోషంగా ఉండటానికి కారణం కూడా బహుశా ఇదే: అక్కడ ఏళ్ల తరబడి ఏ ఒక్క టిక్కు ప్రాణం తోడేస్తోందో దానికే సూది పడింది. వైద్య పరీక్షలన్నిటినీ పోగేసి తూచే కోక్రేన్ సమీక్ష కూడా 2018లో అంతటా వెదికితే పనికొచ్చే పరీక్ష ఈ టొరంటోది ఒక్కటే దొరికిందని, ఆధారం చాలా బలహీనంగా ఉందని తేల్చింది. ఇరవైమంది మీద ఇంత పెద్ద నమ్మకం నిలబెట్టడం కష్టమే. మరి ఇంకొక పరీక్ష ఎందుకు చేయలేదంటే, ముడతల వాడకంలో డబ్బు రాలుతుండగా కొద్దిమందికి పనికొచ్చే వాడకం మీద పెట్టుబడి పెట్టడానికి కంపెనీలకు తొందరేముంటుంది అన్నది నా అనుమానం.

ఇక మొదటి ప్రశ్నకొద్దాం. పోరు మెదడులో పుడుతుందన్న దానికి ఆధారాలున్నాయి. టిక్కు రావడానికి కాస్త ముందు మెదడు స్కానులో ఇన్సులా అనే భాగం, కదలికల్ని సిద్ధం చేసే ముందుభాగం చురుకవుతాయని 2006లో ఒక అధ్యయనం చూపింది. మరి మెడ కండరానికి వేసిన మందు దాన్నెలా తగ్గించింది?

ఒక వివరణ కండరం లోపల ఉంది. కండరంలో సాధారణ పోగులతోపాటు కదురు ఆకారంలో చిన్న చిన్న సాధనాలుంటాయి. కండరం ఎంత సాగింది, ఎంత బిగిసింది అన్న సమాచారాన్ని ఎప్పటికప్పుడు మెదడుకు పంపడం వీటి పని. వీటిలోని సన్నటి పోగుల్ని బిగించి ఉంచే నాడులు కూడా ఎసిటైల్‌కోలిన్‌తోనే పనిచేస్తాయి కాబట్టి విషం వాటినీ వదలదు. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఇది తేలింది. అంటే కండరం నుంచి మెదడుకు పోయే వార్తల జోరు తగ్గుతుంది. ‘ఇక్కడేదో బిగువుగా ఉంది’ అన్న కబురే రాకపోతే మెదడుకు కదపాలనే తొందర తగ్గవచ్చు.

రెండో వివరణ అలవాటుకు సంబంధించింది. టిక్కు వేసిన ప్రతిసారీ పోరు క్షణకాలం తీరుతుంది. ఆ హాయి టిక్కును మెదడులో ఇంకా బలంగా నాటుతుంది. కండరం బలహీనపడి టిక్కు సగంలోనే చప్పబడిపోతే హాయి రాదు, నెలల తరబడి రాకపోతే మెదడు ఆ దారి వదులుకుంటుంది. ఇది నాకు నచ్చిన వివరణ, ఎందుకంటే పైన చెప్పిన మందు లేని వైద్యంలో గడ్డం దించి మెడ బిగించమని నేర్పేది కూడా ఆ చక్రాన్ని తెంచడానికే. అయితే దీనికో ఇబ్బంది ఉంది. అలవాటు చెరగడానికి సమయం పట్టాలి. టొరంటోలో పోరు తగ్గుదలను కొలిచింది సూది వేసిన రెండు వారాలకే.

మూడోది కాస్త సాహసమైన ఊహ. 2008లో ఇటలీ పరిశోధకులు ఎలుకల మీసాల కండరాలకు విషం ఎక్కిస్తే, దాని చేతిలో తెగిన స్నాప్-25 ముక్కలు మెదడు కాండంలో కనిపించాయని రాశారు. అంటే విషం నాడి వెంట వెనక్కి ప్రయాణించగలదని. మనుషుల్లో, మామూలు వైద్య మోతాదుల్లో ఇది ఎంత జరుగుతుందో, దాని వల్ల ఏమైనా మారుతుందో అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో వాదోపవాదాలున్నాయి. నేనైతే మొదటి వివరణతోనే సరిపెట్టుకుంటాను.

గొంతు టిక్కుల దగ్గర ఈ ముడి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పెద్దగా అరుపులు, బూతులు ఆపుకోలేక ఉద్యోగాలు, ఇరుగుపొరుగు సంబంధాలు పోగొట్టుకున్నవాళ్లకు నేరుగా స్వరతంత్రుల్లోకి సూది వేయడం 1990ల్లోనే మొదలైంది. 2004లో ఇటలీలో మావ్రో పోర్తా బృందం 30 మందికి ఇరువైపులా రెండున్నర యూనిట్ల చొప్పున వేసింది. నూటికి 93 మందికి మేలు జరిగింది, సగంమందిలో గొంతు టిక్కులు ఆగిపోయాయి. పోరు ఉన్నవాళ్లు 53 శాతం నుంచి 20 శాతానికి తగ్గారు. బూతు మాట మెదడులో తయారవుతుందే గానీ స్వరపేటికలో కాదు గదా! అయినా స్వరపేటికను బలహీనపరిస్తే మాట రావాలన్న పోరే తగ్గింది. దీనికి చెల్లించిన ధర కూడా తక్కువేం కాదు: ఎనభై శాతం మందికి కొన్నాళ్లపాటు గొంతు పీలగా, గుసగుసగా అయిపోయింది. పాఠాలు చెప్పే టీచరుకు ఇది కుదరదు. రోడ్డు మీద అరిచినందుకు దెబ్బలు తిన్నవాడికి కుదరవచ్చు.

2019లో అమెరికన్ న్యూరాలజీ అకాడమీ ఇచ్చిన సూచనలు కూడా ఇంత జాగ్రత్తగానే ఉన్నాయి: ఒక చోటికి పరిమితమై బాధపెట్టే సాధారణ టిక్కు అయితే, లేదా బతుకును ఛిద్రం చేసే గొంతు టిక్కు అయితే, కాస్త పెద్ద వయసు కౌమారులకూ పెద్దలకూ ఈ సూది వేయవచ్చు అని. చిన్నపిల్లల ప్రస్తావన లేదు. అమెరికాలో టిక్కుల కోసం ఈ మందుకు విడిగా అనుమతి లేదు. డాక్టరు తన విచక్షణ మీద వాడతాడు. మన దగ్గర హైదరాబాదు, విశాఖ లాంటి నగరాల్లో న్యూరాలజిస్టులు మెడ వంకర్లకు, ముఖం ఒక పక్క అదిరే జబ్బుకు, పక్షవాతం తర్వాత బిగుసుకుపోయిన చేతులకు ఈ సూదులు చాలాకాలంగా వేస్తున్నారు. కాబట్టి మందూ ఉంది, చేయి తిరిగిన డాక్టర్లూ ఉన్నారు. ముడతలకు సూది వేసే అందాల క్లినిక్‌లో మాత్రం టిక్కు గురించి అడగకండి. సీసా అదే కావచ్చు, ఏ కండరానికి ఎంత వేయాలో తెలిసిన చెయ్యి అది కాదు. మయస్థీనియా గ్రేవిస్ లాంటి కండరాల నీరసపు జబ్బు ఉన్నా, జెంటామైసిన్ తరహా యాంటీబయాటిక్ వాడుతున్నా ముందే చెప్పాలి. సూది తర్వాత మింగడం కష్టమైనా, ఊపిరి ఆడనట్టనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అరుదే అయినా మందు దూరానికి పాకవచ్చని అమెరికా ప్రభుత్వం 2009 నుంచి మందుతో వచ్చే సమాచార పత్రంలో ప్రత్యేక హెచ్చరిక వేయిస్తోంది. సీసా ఖరీదు వేలల్లో ఉంటుంది, ఏడాదికి మూడు నాలుగుసార్లంటే బీమా ఒప్పుకుంటుందా అన్నది ముందే కనుక్కోవడం మంచిది. మూడు నెలల కంటే ముందే మళ్లీ వేయమని తొందరపెట్టకూడదు. తరచుగా, ఎక్కువ మోతాదులో వేస్తే ఒంట్లో ప్రతిరక్షకాలు తయారై ఆ తర్వాత మందు పని చేయకపోవచ్చు.

మూడు నెలల తర్వాత తిరిగి వెళ్లినప్పుడు మంచి డాక్టరు వెంటనే సిరంజీ తీయడు. ఇప్పుడు ఏ టిక్కు ఎక్కువ బాధపెడుతోందని అడుగుతాడు. టిక్కులు చోటు మార్చుకుంటాయి కాబట్టి పోయినసారి మెడ అయితే ఈసారి భుజం కావచ్చు, లేదా కన్ను కావచ్చు, అసలేదీ అంతగా బాధించకపోవచ్చు. పదిహేడేళ్ల కుర్రాడైతే వయసుతోపాటే కొంత సద్దుమణిగి ఉండే అవకాశం కూడా ఉంది. అలాంటప్పుడు ఇంకో రెండు నెలలు చూసి, అప్పటికీ అవసరమైతేనే రమ్మని పంపేస్తాడు.